ఎవరి చేతిలో ఎంత

ఆదివారం పొద్దున కాఫీలు అయ్యాక పాపని తూచడం ఆ ఇంట్లో అలవాటు. వంటింటి గుమ్మం పక్కన నేల చదునుగా ఉన్నచోట ముద్రమ్మ కాటా పెట్టేది. నిజంగా చదునుగా ఉందో లేదో ఒక గోళీ వదిలి చూసేది. ముందు సున్నా చూసేది, తర్వాత తన పెట్టెలోంచి కిలో రాయి తీసి పెట్టేది, కాటా దాన్ని కిలో అని ఒప్పుకున్నాక గానీ ఇంట్లోవాళ్లని ఎక్కనిచ్చేది కాదు. భర్త ఒక్కడే ఒకసారి ఎక్కాలి, పాపనెత్తుకుని ఇంకోసారి ఎక్కాలి. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే పాప బరువు.

ముద్రమ్మ అనేది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. దుకాణాల్లో తూకాలు తనిఖీ చేసి, సరిగ్గా ఉన్నవాటికి ముద్ర వేసే ఉద్యోగం కాబట్టి బజారు పెట్టిన పేరు. పన్నెండేళ్లుగా ఆమె వీధి మొదట్లో కనిపిస్తే చాలు, వీధి చివరిదాకా కాటాల కింద అతికించిన అయస్కాంతాలు వాటంతటవే ఊడొచ్చేవి. ఎవర్నీ నమ్మకపోవడం మీదే ఆమెకి జీతం. ఆ గుణాన్ని సాయంత్రం ఆఫీసులో పెట్టి తాళం వేసి వచ్చే వీలుంటే బాగుండేది గానీ, అది కూడా ఆమెతోపాటే మూడంతస్తులు ఎక్కి ఇంట్లోకి వచ్చేది.

పాపకి ఐదో నెల. పాప బరువు ఎత్తుకున్నవాళ్లని బట్టి ఉండేది. అందులో ఎవరికీ వింతేమీ లేదు. ఆస్పత్రిలో నర్సు కార్డు మీద 'పళ్లెంలో ఆరున్నర' అని రాసి, గీత గీసి, పక్కన 'తండ్రి చేతిలో ఏడున్నర' అని రాసుకుంది. రెండో అంతస్తు దర్జీ మెట్ల మీద ఎవరు కలిసినా "నాకు ఐదొచ్చిందండీ, మీకెంత?" అని అడిగేవాడు. పక్కింటి వస్తాదు ఎత్తుకుంటే ఇరవై దాటి ఆయన నడుం పట్టేసింది. ఆయన గుబురు మీసాలు పాపకి నచ్చలేదని అందరూ నవ్వుకున్నారు. ఎదురింటి ముసలి టీచరమ్మకి మాత్రం గుప్పెడు దూదంత ఉండేదట, ఆవిడ మురిసిపోయి ఆ సంగతి రోజుకి నలుగురికి చెప్పేది.

ముద్రమ్మ చేతిలో పదమూడు.

ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. అడిగితే ఏడు అనేది. ఇరవై గ్రాముల తేడాకి దుకాణాలు మూయించిన మనిషి, ఆరు కిలోల అబద్ధం రెప్ప వేయకుండా ఆడేది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు పాపనెత్తుకుని కాటా ఎక్కేది. మొదటి నెల తొమ్మిది, తర్వాత పది, పదకొండున్నర, పదమూడు. చంకనేసుకుని మెట్లు దిగేసరికి భుజం లాగేసేది. పాపకి నేనంటే గిట్టదు అని ఆమె తేల్చేసుకుంది. కన్నబిడ్డ తన చేతుల్లోకి రాగానే బిగదీసుకుని బండరాయి అయిపోతుంటే ఇంకేమనుకోవాలి?

అత్తగారి సంగతి చూస్తే కడుపు మండేది. మొదటి నెల అత్తగారి చేతిలో ఎనిమిది. రెండో నెల ఆరు. ఆ తర్వాత ఐదు. అక్కణ్ణుంచి అత్తగారు కాటా ఎక్కడం మానేసింది.

"నేనేమన్నా ఉల్లిపాయల బస్తానా అమ్మాయ్, వారం వారం తూచడానికి?" అని దులిపేసుకుని పోయింది.

ముద్రమ్మకి కాటా అక్కర్లేదు. కంటితోనే చూసి చెప్పగలదు. అత్తగారు పాపని ఒంటిచేత్తో లేపుతుంటే, ఆ మోచెయ్యి వంగే తీరు చూసి లెక్క కట్టింది. మూడు. అంతకంటే ఎక్కువ ఉండదు. ఐదు నెలల పిల్ల నాయనమ్మ చేతిలో మూడు కిలోలై తేలిపోతోందంటే, ఈవిడ ఏదో చేస్తోంది. పాటలా? మాటలా? నేను స్నానానికి వెళ్లినప్పుడు చెవిలో ఏమన్నా ఊదుతోందా? పిల్లని మెల్లమెల్లగా తనవైపు లాగేసుకుంటోందని ముద్రమ్మకి గట్టి అనుమానం.

ఆ అనుమానానికి ఇంకొన్ని తోడయ్యాయి. అత్తగారు ముప్పై ఏళ్లు ఇంటింటికీ ఉత్తరాలు పంచిన మనిషి. టపా సంచి మోసిన భుజం అని ఆ కుడిభుజాన్ని పతకంలా చూపించేది. "తోపుడు బండి మీద కూరగాయలు పెడతారు గానీ పిల్లల్ని పెడతారా? చంక ఎందుకిచ్చాడు దేవుడు?" అని బండ్లు తోసుకెళ్లే తల్లుల్ని చూసి మూతి తిప్పేది. అలాంటిది, నెల కిందట ఉన్నట్టుండి, "పాపకి ఓ బండి కొంటే బాగుంటుంది కదరా" అని కొడుకుతో అంది. అన్నప్పుడు కోడలి మొహం చూడలేదు.

తర్వాత మెట్ల మీద రెండో అంతస్తు మలుపులో ఒక స్టూలు వెలిసింది. దర్జీని అడిగితే, "మీ అత్తగారే వేయించుకున్నారమ్మా" అన్నాడు. ఎందుకు వేయించుకుంది? పార్కుకి వెళ్లి అరగంటలో వచ్చే మనిషి ఇప్పుడు గంటన్నరకి వస్తోంది. పార్కు వీధికి అటుపక్కే. ఈ గంట ఎటు పోతోంది? నిలబడి కూరగాయలు తరిగే మనిషి ఇప్పుడు కూర్చుని, గోడవైపు తిరిగి తరుగుతోంది. కూతురింటికి వారానికి రెండుసార్లు పోయేది, ఇప్పుడు బొత్తిగా పోవడం లేదు. పైగా ఆ ఊసే ఎత్తడం లేదు. ఊసెత్తకపోవడమే ముద్రమ్మకి అన్నిటికంటే పెద్ద ఆధారంగా తోచింది.

అన్నీ కూడితే ఒకటే తేలింది. ఆడపడుచు ఇల్లు నాలుగు వీధుల అవతల. చంకనేసుకుంటే నాలుగు వీధులు కష్టం. బండి ఉంటే హాయిగా తోసుకుపోవచ్చు. వచ్చే సోమవారానికి ముద్రమ్మ కాన్పు సెలవు అయిపోతుంది. తను ఆఫీసుకి పోగానే అత్తగారు పాపని బండిలో వేసుకుని కూతురింటికి చేరుతుంది, సాయంత్రందాకా అక్కడే. ఆరు నెలలు తిరిగేసరికి పాప ఎవర్ని అమ్మ అంటుందో ఎవరికి తెలుసు?

అందుకే ముద్రమ్మ ఓ పని చేసింది. ఆఫీసు పక్కనే పిల్లల్ని చూసుకునే బడి ఒకటుంది. అక్కణ్ణుంచి దరఖాస్తు తెచ్చి, అంతా నింపి, సంతకం ఒక్కటి వదిలేసి, తూకపు రాళ్ల పెట్టెలో కిలో రాయి కింద దాచింది. ఆ పెట్టె జోలికి ఇంట్లో ఎవరూ పోరు. బండి కొనే దగ్గర అత్తగారి ఎత్తు బయటపడితే అక్కడే, అందరి ముందూ చెప్పేద్దాం అనుకుంది. రేపట్నుంచి పాప మీ దగ్గర ఉండదు అని.

అలా సెలవు ఆఖరి ఆదివారం తూకాలయ్యాక నలుగురూ బండ్ల దుకాణానికి బయల్దేరారు. భర్త చేతిలో పాప ఏడున్నర. అది ఎప్పుడూ మారదు, ఆయన మొహంలాగే. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఊళ్లో సగం లిఫ్టులు ఆయన చేతిమీదే నడుస్తాయి. తన సొంత ఇల్లు మూడో అంతస్తులో, లిఫ్టు లేకుండా.

దుకాణదారు ముద్రమ్మని చూడగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"అమ్మా, మా దగ్గర తూచి అమ్మే సరుకేమీ లేదమ్మా."

"కొనడానికొచ్చాను."

ఆ మాట అతను అస్సలు నమ్మలేదు. అయినా బండ్లు చూపించడం మొదలుపెట్టాడు. వ్యాపారంలో పండిన మనిషి, బండి చూపించేముందు ప్రశ్నలు అడిగాడు. ఇల్లు ఎన్నో అంతస్తు? లిఫ్టుందా? ముందు రోడ్డు నున్నగా ఉంటుందా, గతుకులా? బస్సులో ఎక్కించాలా? మడిచి పెట్టుకోవడానికి ఇంట్లో చోటుందా? అన్నిటికీ భర్తే చెప్పాడు. మూడో అంతస్తు, లిఫ్టు లేదు, రోడ్డు మన అదృష్టాన్ని బట్టి, చోటు తలుపు వెనక రెండు జానలు.

"తోసేదెవరు?"

"నేనే," అంది అత్తగారు, ప్రశ్న పూర్తికాకముందే.

ముద్రమ్మ ఆ తొందర గుర్తుపెట్టుకుంది.

"అయితే మీకు ఇది," అని దుకాణదారు ఒక సన్నటి బండి తీశాడు. గొడుగు మూసినట్టు ఒంటిచేత్తో మడిచి, భుజానికి తగిలించుకుని చూపించాడు. "ఐదు కిలోలే. మెట్ల ఇళ్లకి అందరూ ఇదే తీసుకెళ్తారు. పదిహేను కిలోల దాకా మోస్తుంది, ఇదిగో చీటీ మీద ఉంది."

"చీటీ మీద ఉంటే?" అంది ముద్రమ్మ.

"పదిహేను అని రాస్తే ఇరవై రెండు మోస్తుందోయ్," అన్నాడు భర్త. "ఐదుగురికి మించరాదని రాస్తాం, ఏడుగురెక్కినా లిఫ్టు లాగుతుంది. చీటీ మీద ఎప్పుడూ తక్కువే రాస్తారు."

"మీ లిఫ్టుల్లో రాస్తారేమో. మా బజార్లో కిలో అని రాస్తే తొమ్మిది వందలు. చీటీ మీద ఎప్పుడూ ఎక్కువే రాస్తారు."

పెళ్లైన ఆరేళ్లలో ఈ ఒక్క విషయం మీద వాళ్లిద్దరికీ రాజీ కుదరలేదు. దుకాణదారు ఇద్దరి మధ్యా దూరి, "సరేనండీ, పాప ఎవరి చేతిలో ఎంత? అది చెప్తే చాలు," అన్నాడు. ఆ దుకాణంలో అందర్నీ అడిగే ప్రశ్నే అన్నట్టు అడిగాడు.

"నాకు ఏడున్నర," అన్నాడు భర్త.

"ఏడు," అంది ముద్రమ్మ.

అత్తగారు కోడలివైపు ఒక్క క్షణం చూసి, "నాకూ ఏడే," అంది.

పచ్చి అబద్ధం. ముద్రమ్మకి లోపల ఒక గంట మోగింది. ఈవిడ ఎందుకు దాస్తోంది? మూడు అని గొప్పగా చెప్పుకోవచ్చు కదా, ఎదురింటి టీచరమ్మలాగా? దాచుకోవాల్సిన అవసరం ఏముంది?

"అందరికీ దగ్గర దగ్గరే. ఇంకేం, ఓసారి తోసి చూడండి," అని దుకాణదారు పాపని సన్నటి బండిలో పడుకోబెట్టాడు. దుకాణం మధ్యలో బండ్లు తోసి చూడటానికి కట్టిన చిన్న వాలు ఉంది. ముద్రమ్మ పిడి మీద చెయ్యి వేసింది. వేయగానే ముందు చక్రాలు రెండూ కాళ్లు చాపినట్టు అటొకటి ఇటొకటి విడిపోయాయి. ఎడమ చక్రం కీచుమంది. రెండడుగులు ఎక్కించేసరికి బండి కడుపు నేలకి తగిలింది.

"ఏడన్నారు కదమ్మా..." అన్నాడు దుకాణదారు, గొంతు తగ్గించి.

"అంటే నీ బండి ఏడు మోయదన్నమాట," అంది ముద్రమ్మ. అతను ఇంకో బండి తేవడానికి వెళ్లాడు. భర్త చక్రాలవైపే చూస్తున్నాడు. అత్తగారు చూసిందో లేదో తెలియలేదు. చూసి ఉంటుంది. చూసి లోపల నవ్వుకుంటూ ఉంటుంది.

కానీ అత్తగారు అక్కడ లేదు. దుకాణం చివర, గోడ పక్కన, నల్లటి పెద్ద బండి దగ్గర నిలబడి ఉంది. లావాటి చక్రాలు, అడుగున ఇనపచట్రం, నిండు పిడి. కొడుకుని పిలిచి పాపని అందులో పెట్టించి తోస్తుంటే ఖాళీ బండిలాగా దొర్లింది. పైన ఫ్యాను గాలికి కూడా కదిలేలా ఉంది.

ముద్రమ్మ దగ్గరికి పోలేదు. పక్కనే బొమ్మల అర చాటున ఆగి చూసింది. బజార్లో దొంగ కాటా పెట్టుకున్నవాణ్ణి ఎలా పట్టుకోవాలో ఆమెకి తెలుసు. వాడు కాటాని చూడడు, తనిఖీకి వచ్చినవాళ్ల చేతిని చూస్తుంటాడు. మనిషి చూడాల్సింది మానేసి వేరేది చూస్తున్నాడంటే అక్కడే ఉంటుంది కిటుకు. బండి కొనేవాళ్లు ఏం చూస్తారు? పిల్ల కూర్చునే చోటు చూస్తారు. మెత్తగా ఉందా, ఎండ పడకుండా పైన కప్పు ఉందా, బెల్టు గట్టిదేనా. అత్తగారు అవేమీ చూడలేదు. బ్రేకు తొక్కి, పిడిని రెండు చేతులా పట్టుకుని, తన బరువంతా దాని మీద ఆనించింది. ఆగింది. మళ్లీ ఆనించింది. మూడోసారి ఆనించి అలాగే ఉండిపోయింది.

"ఇది బాగుంది," అంది, తలెత్తకుండా. "ఇదే తీసుకుందాం."

ముద్రమ్మ ముందుకొచ్చింది. "అత్తయ్యా, ఎంత బరువుందో చూశారా? మూడో అంతస్తు దాకా ఎవరు మోస్తారు?"

"పైకెందుకు? కింద మెట్ల కింద పెట్టి గొలుసేద్దాం."

"ఇంతింత చక్రాలెందుకు మనకి? ఎంత దూరం పోదామని?"

"దూరమేంటమ్మాయ్? పార్కు దాకా."

"పార్కు వీధికి అటుపక్కే కదా."

అత్తగారు పాప దుప్పటి సర్దింది. దుప్పటి అప్పటికే సరిగ్గా ఉంది.

ఇంక ముద్రమ్మకి ఆగాల్సిన పని కనిపించలేదు. దరఖాస్తు సంగతి నాలుక చివరికి వచ్చేసింది. "అత్తయ్యా, రేపట్నుంచి పాపని..." అని మొదలుపెట్టింది కూడా.

సరిగ్గా అప్పుడే భర్త అడ్డొచ్చాడు. అడ్డొచ్చానని ఆయనకి తెలియదు పాపం. "ఏమయ్యా, ఈ నల్లబండి ఒక్కటే ఎంత తూగుతుంది?" అని దుకాణదారుని అడిగాడు. అత్తగారు చేతులు తియ్యకుండా పిడిని పట్టుకునే ఉండటంతో, దుకాణదారు అలాంటిదే ఇంకో బండి మడిచి, బల్ల పక్కన పార్సిళ్లు తూచే కాటా మీదికి ఎక్కించాడు.

"చూడండి సార్, పది కిలోలు కూడా లేదు. మీరు ఊరికే భయపడ్డారు."

ముద్రమ్మ బండికి వేలాడుతున్న చీటీ చూసింది. పద్నాలుగు అని ఉంది. చీటీ అబద్ధమా, కాటా అబద్ధమా? ఆ ప్రశ్న వస్తే ఆమె చెయ్యి దానంతటదే సంచిలోకి పోతుంది. సెలవులో ఉన్నా కిలో రాయి లేకుండా గడప దాటే అలవాటు లేదు. పొద్దున తూకాలయ్యాక పెట్టెలోంచి తీసి సంచిలో వేసుకుంది. బండి దింపించి, రాయి పెట్టింది.

ఏడు వందలు చూపించింది.

దుకాణదారు మొహం పాలిపోయింది. కంగారులో, బజారు మొత్తం పన్నెండేళ్లుగా ఆమెకి చెప్తున్న మాటే అతనూ చెప్పాడు. "మీ రాయే అరిగి తగ్గిందేమోనమ్మా!"

ముద్రమ్మ కూడా పన్నెండేళ్లుగా చెప్తున్న జవాబే చెప్పింది. నిద్రలో లేపి అడిగినా అదే చెప్తుంది. "రాయి తగ్గదయ్యా. రాయిని పెట్టేది రాయి ఎంతుందో చూడటానికి కాదు. కాటా ఎలా ఉందో చూడటానికి."

చెప్పి, నోరు మూసుకోవడం మర్చిపోయి అలాగే నిలబడింది.

పళ్లెంలో ఆరున్నర. ఎవరు పెట్టినా ఆరున్నరే, అది ఎక్కడికీ పోలేదు. మారింది చేతులు. పాప చేతిలో ఇరవై దాటిన వస్తాదుకి ఏనుగంత బలం. గుప్పెడు దూదంత అని మురిసిపోయిన టీచరమ్మ, కర్ర లేకుండా గుమ్మం దాటలేదు. ఇన్నాళ్లూ పాపని సరుకులాగా తూచింది తను. తనిఖీ చేసేవాళ్లు అలా చూడరు. పాప రాయి. కాటాలు వీళ్లందరూ.

అత్తగారి చేతిలో ఎనిమిది. తర్వాత ఆరు. ఐదు. మూడు.

ముద్రమ్మ వంగి దుకాణదారు కాటాని తిరగేసింది. పైకి మెరుస్తూనే ఉంది. అడుగున నాలుగు కాళ్లలో ఒకటి అరిగిపోయి ఉంది. దాన్ని అక్కడే వదిలేసి తిరిగి చూస్తే, అత్తగారు ఇంకా నల్లబండి పిడిని రెండు చేతులా పట్టుకునే ఉంది. వేళ్లు బిగుసుకున్నాయి. పెదాల్లో రంగు లేదు. ఇన్ని రోజులు ఆ మొహంలో ఎత్తులూ జిత్తులూ వెతికిన మనిషి, ఆ పెదాలు ఒక్కసారైనా సరిగ్గా చూడలేదు. ముద్రమ్మకి తనమీద తనకే అసహ్యం వేసింది.

"ఎన్నాళ్ల నుంచి అత్తయ్యా?"

"ఏంటి ఎన్నాళ్ల నుంచి?"

"రెండో అంతస్తులో స్టూలు. పార్కుకి వెళ్తే గంటన్నర. కూర్చుని కూరలు తరగడం. ఎన్నాళ్ల నుంచి?"

అత్తగారు ఏదో అబద్ధం వెతుక్కుంది. దొరికినట్టు లేదు. దుకాణదారు తనంతట తనే కుర్చీ తెచ్చి వెనక పెట్టాడు. ఆవిడ కూర్చుంది. కూర్చున్నాక గానీ పిడి వదల్లేదు.

"మూడు నెలలైందే," అంది. "నాలుగు మెట్లెక్కితే కళ్లు తిరుగుతాయి. పార్కు బెంచీ మీద కూర్చుంటే లేవడానికే ముప్పావుగంట పడుతోంది. పాప బరువు కాదమ్మాయ్, పాప పువ్వులాగా ఉంటుంది. నా బరువే నేను మోయలేకపోతున్నా. బండైతే ఆనుకుని నడవచ్చు కదా అని..."

"అమ్మా, నాకెందుకు చెప్పలేదే?" అన్నాడు భర్త.

"నీకు చెప్తే మన మెట్లకి లిఫ్టు పెట్టిస్తానంటావు. పదేళ్ల నుంచి అంటున్నావు."

"మరి నాకు?" అంది ముద్రమ్మ.

"నీకా? నువ్వు అసలే అనుమానపు మనిషివి. తెలిస్తే పిల్లని నా చేతికిస్తావా? సోమవారం నుంచి ఆ బడిలో వేసేస్తావు." తల దించుకుంది. "పెట్టెలో కాగితం చూశాను. ఇల్లు ఊడుస్తూ జరిపితే మూత ఊడింది. ముప్పై ఏళ్లు ఒకళ్ల ఉత్తరం ఇంకొకళ్లు చదవకుండా పంచిన చేతులివి. అది మాత్రం చదివేశా. సంతకం ఒక్కటే మిగిలిందని చూసి, ఎట్లాగైనా సోమవారం లోపల గట్టిగా కనిపించాలనుకున్నా."

ముద్రమ్మ కుర్చీ పక్కన నేలమీద కూలబడింది. తనిఖీకి వెళ్లిన ఏ దుకాణంలోనూ ఆమె అలా కూర్చోలేదు. "ఆ కాగితం మీరు కళ్లు తిరిగి పడతారని తెచ్చింది కాదు అత్తయ్యా. పాప మీ చేతిలో మూడుంది. నా చేతిలో పదమూడు. ఏడని అబద్ధం చెప్పాను. దానికి నేనంటే గిట్టదనుకున్నా. మీరు లాగేసుకుంటున్నారనుకున్నా."

"పదమూడా?" అత్తగారి కళ్లు పెద్దవయ్యాయి. తర్వాత ఆ పాలిపోయిన మొహంలోనే నవ్వొచ్చింది. "పిచ్చి మొద్దూ! పోస్టాఫీసులో అందరికంటే పెద్ద సంచి ఎప్పుడూ నాకే ఇచ్చేవారు. నేనంటే గిట్టకనా? మోస్తాననే కదా!"

ముద్రమ్మ ఏడ్చింది. దుకాణదారు, భర్త మొహాలు తిప్పుకుని బండి చక్రాల గురించి మాట్లాడుకున్నారు.

దుకాణంలోంచి ఇంటికి పోలేదు, నేరుగా ఆస్పత్రికి పోయారు. అత్తగారు కారు దాకా నల్లబండిని ఆనుకునే నడిచింది. అది వెనక్కి ఇచ్చేయమని ఎవరూ అడగలేదు. లోపల డాక్టరమ్మ అత్తగారి కింది రెప్ప లాగి చూసి, నాడి పట్టుకుని, "పాప మీ చేతిలో ఎంత తూగుతోందండీ?" అని అడిగింది.

అత్తగారు కోడలివైపు చూసింది.

"నిజం చెప్పండి," అంది ముద్రమ్మ.

"మూడు. అంతకంటే తక్కువేనేమో. రెండు నెలల కిందట ఐదు."

డాక్టరమ్మ కలం కింద పెట్టేసి నర్సుని పిలిచింది. ఇంకేమీ అడగకుండా మంచం సిద్ధం చేయమంది. సాయంత్రానికి సంగతి తెలిసింది. కడుపులో పుండు. ఎన్నాళ్ల నుంచో కొంచెం కొంచెంగా లోపలే రక్తం పోతోంది. "ఇంకో పది పదిహేను రోజులు ఆగి ఉంటే మెట్ల మీద పడిపోయేవారు," అంది డాక్టరమ్మ. పడినప్పుడు చేతిలో ఎవరుండేవారో ఆవిడ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా రాలేదు.

ముద్రమ్మ ఫోన్ చేసి సెలవు ఇంకో రెండు నెలలు పొడిగించుకుంది. ఆ వార్త తెలిసిన రోజున బజార్లో అయస్కాంతాలు తిరిగి చోట్లకి చేరాయి. దరఖాస్తు కాగితాన్ని ఆమె చింపలేదు. మడిచి, వంటింటి గుమ్మం దగ్గర కాటా ఊగకుండా ఒక కాలి కింద పెట్టింది.

అత్తగారు పది రోజులకి ఇంటికొచ్చింది. నల్లబండి మెట్ల కింద గొలుసేసి ఉండేది. మొదటి వారం ఆవిడ దాన్ని ఆనుకుని వీధి చివరిదాకా నడిచింది, రెండో వారం పార్కు చుట్టూ. ఆదివారం ఆదివారం కాటా ఎక్కమంటే ఇప్పుడు ఉల్లిపాయల బస్తా మాట ఎత్తలేదు. మూడున్నర. నాలుగు. నాలుగుంపావు దగ్గర రెండు వారాలు ఆగిపోతే ముద్రమ్మ మళ్లీ ఆస్పత్రికి లాక్కుపోయి, మందు మార్పించి తీసుకొచ్చింది. ఐదు. ఐదున్నర. అత్తగారు ఒక్కొక్క అరకిలోకీ చుట్టుపక్కల అందరికీ ఫిర్యాదు చేసేది. "చంపుతోందండీ ఈ పిల్ల, బరువెక్కిపోతోంది!" అని, ఎదురింటి టీచరమ్మకి వినపడేలా.

ముద్రమ్మ మళ్లీ ఉద్యోగంలో చేరే రోజు వచ్చింది. సోమవారమైనా సరే, కాఫీలు అయ్యాక కాటా పెట్టింది. గోళీ వదిలింది. సున్నా చూసింది. కిలో రాయి కిలోయే అంది. అత్తగారు ఒక్కతే ఎక్కింది, దిగింది, పాపనెత్తుకుని ఎక్కింది.

ముద్రమ్మకి నమ్మకం కుదర్లేదు. "గోడకి చెయ్యి ఆనించారా?"

"లేదే!"

"దిగి మళ్లీ ఎక్కండి."

మళ్లీ ఎక్కింది. ముద్రమ్మ వంగి చూసింది, కళ్లద్దాలు తుడుచుకుని ఇంకోసారి చూసింది.

"ఏడు," అంది.

"చెప్పానా లేదా?" అంది అత్తగారు, గడ్డం ఎత్తి. "దుకాణంలో ఆ రోజే చెప్పాను, నాకూ ఏడే అని. నమ్మావా నువ్వు?"

పాపని కోడలికిచ్చింది. పాప వచ్చి ఆ భుజం మీద వాలగానే పదిహేను కిలోలైంది. ముద్రమ్మ ఒకసారి నడుం సర్దుకుని, నిటారుగా నిలబడింది. కాసేపు అలాగే మోసింది. మోయగలిగింది.

దించాక ఆఫీసు సంచి తెరిచి, ఊదారంగు సిరా ప్యాడు, ముద్ర బయటికి తీసింది. తేదీ సరిచేసుకుంది. "చెయ్యి ఇలా ఇవ్వండి అత్తయ్యా," అంది. అత్తగారు టపా సంచి మోసిన కుడిచెయ్యే చాపింది. ముద్రమ్మ ఆ మణికట్టు మీద గట్టిగా ఒత్తింది. అత్తగారు కిటికీ దగ్గరికి పోయి, వెలుతురులో దూరంగా పట్టుకుని చదివింది. 'సరిచూడబడినది. ఏడాది వరకు చెల్లును.'

"ఏడాదేనా?" అంది.

"రూలంతే. ఏడాది కాగానే మళ్లీ నా దగ్గరికి రావాల్సిందే."

ముద్రమ్మ చెప్పులేసుకుని మెట్లు దిగిపోయింది. రెండో అంతస్తు మలుపులో స్టూలు కనిపిస్తే చేత్తో తీసుకెళ్లి దర్జీకి ఇచ్చేసింది. పైన అత్తగారు ఆ రోజు గిన్నెలన్నీ ఎడంచేత్తోనే తోమింది.